పొగ ఫొటో వేశారు సరే, ఎత్తెంత?

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రిక నలభై ఏళ్లుగా మా ఇంటికి వస్తోంది. ఉత్తరం రాయడం మాత్రం ఇదే మొదటిసారి. రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను గానీ గుంటూరులో ఉన్న మా వదిన గారి ఫోన్ ఊరుకోనివ్వలేదు.

ఈమధ్య లోపలి పేజీలో కెనడా కార్చిచ్చుల పొగ గురించి పెద్ద వార్త వేశారు కదా, పైనుంచి తీసిన శాటిలైట్ ఫొటో, సగం అమెరికా మీద బూడిద రంగు దుప్పటి కప్పినట్టు, దాని నెత్తిన ఇంత లావు అక్షరాలతో ఆ ఊళ్ల జనమంతా విషం పీలుస్తున్నారని. పొద్దున్నే ఏడింటికి వదిన గారు ఫోన్ చేసి, చికాగోలో మా పిల్ల చంటాడితో ఉంది, అక్కడ ఊపిరాడట్లేదట కదా, నువ్వేమైనా కనుక్కో అని ఒకటే కంగారు. పిల్లకి ఫోన్ కలిపితే అది పార్కులో ఉంది. "ఆకాశం కాస్త పాలిపోయినట్టుంది బాబాయ్, గాలి మీటరు పచ్చ రంగులోనే చూపిస్తోంది, అమ్మకేమైంది?" అంది. అమ్మకి ఏమీ కాలేదు తల్లీ, పేపర్ చదివింది, అంతే అన్నాను.

మీ ఫొటోలో తప్పేమీ లేదండీ. పొగ నిజంగానే ఆ ఊరి మీద ఉంది. ఊరి మీద అంటే ఎంత మీద, అదీ నా ప్రశ్న. డాబా మీదా, నాలుగు కిలోమీటర్ల పైనా, విమానాలు తిరిగే చోటా? పైనుంచి తిన్నగా కిందికి చూసి తీసిన ఫొటోలో ఈ మూడూ ఒక్కలాగే కనిపిస్తాయి. మేడ మీద నిలబడి వీధిలో పోయే మనిషి నడినెత్తి చూసి, ఆయన పొడుగో పొట్టో చెప్పమంటే ఎలా చెబుతాం? నేను ముప్పై ఏళ్లకు పైగా ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైర్ అయినవాణ్ణి, ఆ చాదస్తం కొంచెం ఉంటుంది, భరించండి.

పొగ ఎత్తు అనేది మనకు తెలియని సంగతేం కాదు. భోగి రోజు తెల్లవారుజామున ఊళ్లో ఎవరైనా చూసే ఉంటారు, మంటలు నిలువెత్తున లేస్తాయి కానీ పొగ మాత్రం ఇంటి కప్పుల మీదుగా పరుచుకుని అక్కడే ఉండిపోతుంది, పొద్దెక్కేదాకా కళ్లు మండుతూనే ఉంటాయి. నేల రాత్రంతా చల్లబడి, దానికి ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కి ఉంటుంది, దాని పైన కొంచెం వెచ్చని గాలి మూతలా కూర్చుంటుంది. పొగ ఆ మూత దాటి పోలేదు. అదే పొగ ఎండాకాలం మధ్యాహ్నం వేస్తే, నేల కాగి గాలి పైకీ కిందికీ మసలుతూ ఉంటుంది కాబట్టి కిలోమీటరు, రెండు కిలోమీటర్ల మందాన కలిసిపోయి పలచబడుతుంది. మా వీధి చివర ఇటుక బట్టీ ఉంది, దాని పొగని పొద్దున ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి చూస్తే చాలు, ఈ పాఠం అంతా అక్కడే ఉంది. కార్చిచ్చుకు వచ్చేసరికి రెండే విషయాలు: మంట వేడి ఎంత, పైన గాలి మూత ఎంత గట్టిగా ఉంది. వేడి చాలకపోతే పొగ మూత కింద మన ముక్కు దగ్గరే తిరుగుతుంది, వేడి ఎక్కువైతే మూత చీల్చుకుని పైకి పోతుంది, అక్కడి గాలులు దాన్ని వేల కిలోమీటర్లు మోసుకుపోతాయి.

ఇది పుస్తకంలో చదివి చెప్పడం వేరు, నెత్తి మీద చూడడం వేరు. 2020లో మా అబ్బాయి దగ్గరికి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ వెళ్లి, ఆరు నెలలకని పోయినవాళ్లం కరోనాతో విమానాల్లేక అక్కడే ఇరుక్కుపోయాం. ఆగస్టు నడిమధ్యలో వాన చుక్క లేని పిడుగులు పడి చుట్టూ కొండలు అంటుకున్నాయి, అప్పటినుంచి గాలి బాగాలేదు, బయటికి రావద్దు అని రోజూ హెచ్చరికలే, వరసగా 30 రోజులు ఇచ్చారు, అది అక్కడ రికార్డు. సెప్టెంబరు 9న నిద్ర లేచేసరికి ఏడు దాటినా తెల్లవారలేదు. తొమ్మిదింటికి ఆకాశం చూస్తే కుంకుమపువ్వు నానబెట్టిన పాల రంగు కూడా కాదు, నారింజ తొక్క రంగు. వీధి దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, కార్లన్నీ హెడ్‌లైట్లు వేసుకుని పోతున్నాయి, మధ్యాహ్నానికి కూడా పెద్దగా తేడా లేదు. మా అబ్బాయి ఫోన్‌తో ఫొటో తీస్తే, ఆ ఫోను తనకు తోచినట్టు రంగు సరిచేసేసి మామూలు మబ్బు రోజులా చూపించింది. కళ్లతో చూస్తున్నది ఒకటి, ఫోన్లో పడుతున్నది ఒకటి. ఆ రోజు చాలామందికి ఇదే అనుభవం అయిందట.

మా ఆవిడకు ఆయాసం. ఆ ఆకాశం చూసి నేను హడలిపోయి కిటికీలన్నీ బిగించి, తలుపుల కింద తడి తువ్వాళ్లు కుక్కి, ఆవిణ్ణి ఒక గదిలో కూర్చోబెట్టాను. గాలి మీటర్లు చూస్తే, విచిత్రం, బే ఏరియాలో, అంటే ఫ్రీమాంట్‌తో సహా శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఊళ్లలో, చాలాచోట్ల అంతకు ముందు వారాల్లో చూసినంత చెడ్డగా కూడా లేదు. కారణం తర్వాత అర్థమైంది. ఉత్తర కాలిఫోర్నియాలో ఒరోవిల్ పక్క కొండల్లో ముందురోజు గాలికి చెలరేగిన మంటల పొగ, ఇంకా ఉత్తరాన ఉన్న ఒరెగాన్ రాష్ట్రం వైపు మంటల పొగ అంతా కలిసి పైన దట్టంగా పరుచుకుంది, కింద మాత్రం సముద్రం మీంచి వచ్చిన చల్లని పొగమంచు గాలి ఒక పరుపులా ఉంది. పొగ ఆ పరుపు మీద తేలుతోంది. సూర్యుడి వెలుగులో నీలం, ఆకుపచ్చ రంగులను పైనున్న పొగ అటూ ఇటూ చెదరగొట్టీ, మింగీ, ఎరుపు మాత్రం కిందికి వదిలింది, అందుకే ఆ రంగు. ముక్కుకి వచ్చింది తక్కువ, కంటికి వచ్చిందే ఎక్కువ.

అసలు సంగతి రెండు రోజుల తర్వాత. ఆ నారింజ రంగు పోయింది, ఆకాశం ఉత్త తెల్లగా, బూడిదగా మారింది. హమ్మయ్య, గండం గడిచింది అనుకుని మా ఆవిడ పెరట్లోకి వెళ్లి తులసి కుండీలో నీళ్లు పోసి ఒక అరగంట కూర్చుని వచ్చింది. ఆ రాత్రి ఇన్‌హేలర్ ఎన్నిసార్లు కొట్టుకుందో లెక్కలేదు, నేను అంబులెన్స్ నంబరు చేతిలో పట్టుకుని తెల్లారేదాకా పక్కన కూర్చున్నాను. పైన ఉన్న పొగ కిందికి దిగింది, అంతే. గాలి ఎంత చెడిందో చెప్పే సూచీ, 50 లోపైతే మంచి గాలి అని లెక్క, చాలాచోట్ల 150 దాటింది. చూడ్డానికి భయంకరంగా ఉన్న రోజు ఏమీ కాలేదు, చూడ్డానికి మామూలుగా ఉన్న రోజు ప్రాణం మీదికి వచ్చింది. తప్పు ఎవరిదీ కాదు, నాదే, ఫిజిక్స్ చెప్పినవాణ్ణయి ఉండి ఆకాశం రంగు చూసి గాలిని అంచనా కట్టాను.

ఇక మూడేళ్లకి, 2023 జూన్ 7న న్యూయార్క్ ఆకాశం అదే నారింజ రంగుకి తిరిగింది. మా అమ్మాయి న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటుంది. ఈసారి నేను తెనాలిలో ఉండి, 2020 అనుభవంతో పెద్ద పండితుడిలా, ఏం భయం లేదమ్మా, అది పైన ఉంటుంది, కిందికి రాదు అని చెప్పబోయాను. "నాన్నా, ఇక్కడ గొంతు మండుతోంది, ఇంట్లో కూడా కట్టెపొయ్యి వాసన వస్తోంది" అంది. అప్పుడు మీటరు చూస్తే కళ్లు తిరిగాయి, న్యూయార్క్‌లో ఆ రోజు సూచీ 400 దాటింది, లాగార్డియా ఎయిర్‌పోర్టులో విమానాలు కాసేపు ఆపేశారు. కెనడాలోని క్యూబెక్ అడవుల పొగ, ఈశాన్య మూల తిష్ఠ వేసిన అల్పపీడనం చుట్టూ తిరిగి దక్షిణానికి వస్తూ నేలబారున వచ్చేసింది. ఆ ఏడాది కెనడాలో దాదాపు కోటిన్నర హెక్టార్ల అడవి తగలబడింది, అంత పొగకి కొదవేముంది. శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూయార్క్, రెండు ఊళ్లు, ఒకే రంగు ఆకాశం, పైనుంచి ఫొటో తీసినా రెండు చోట్లా ఒకే దుప్పటి. ఒకచోట ముక్కుకి పైన, ఒకచోట ముక్కులోనే. మీ శీర్షిక రెండోదానికి అక్షరాలా సరిపోయేది, మొదటి రోజుకి బొత్తిగా సరిపోయేది కాదు.

సరే, ఎత్తు తెలియాలంటే ఎలా, అదేమైనా టేపు పెట్టి కొలుస్తారా అని మీ సబ్ ఎడిటర్లు అడగొచ్చు. కొలుస్తారు. పాతికేళ్లుగా కొలుస్తున్నారు, అందుకే ఈ ఉత్తరం.

1999 డిసెంబరులో నాసా వాళ్లు టెర్రా అని ఒక ఉపగ్రహం పంపారు. అందులో మిసర్ అనే పరికరం ఉంది, దానికి తొమ్మిది కెమెరాలు. ఒకటి తిన్నగా కిందికి చూస్తుంది, నాలుగు ముందుకి వాలి, నాలుగు వెనక్కి వాలి ఉంటాయి, అన్నిటికంటే చివరివి 70 డిగ్రీల వాలు. ఉపగ్రహం పోతూ ఉంటే ఒకే చోటుని మొదట ముందు కెమెరా చూస్తుంది, తర్వాత రెండోది, అలా తొమ్మిదోది చూసేసరికి ఏడు నిమిషాలు పడుతుంది. ఇందులో కిటుకు అర్థం కావాలంటే తెనాలి నుంచి గుంటూరు పాసింజరెక్కి కిటికీ పక్కన కూర్చోండి. పట్టాల పక్క కరెంటు స్తంభాలు పరిగెడతాయి, దూరాన తాటిచెట్లు నిదానంగా నడుస్తాయి, ఇంకా దూరాన కొండ ఉంటే అది కదలనే కదలదు. ఉపగ్రహం రైలు అనుకోండి, నేల అంటే ఆ కొండ. ఎత్తుగా ఉన్న పొగ రైలుకి దగ్గరగా ఉన్న స్తంభం లాంటిది, కాబట్టి నేలతో పోలిస్తే ఎక్కువ జరిగినట్టు కనిపిస్తుంది. సుమారు 45 డిగ్రీలు వాలిన కెమెరాకి, ఒక కిలోమీటరు ఎత్తున్న పొగ నేల మీద ఒక కిలోమీటరు పక్కకి జరిగినట్టు పడుతుంది. ఫొటోలో ఒక్కో చుక్క 275 మీటర్లు కాబట్టి నాలుగు చుక్కలు పక్కకి. పదో తరగతి త్రికోణమితి, అంతకు మించి ఏమీ లేదు.

ఉందండోయ్, ఒక చిక్కుంది, నాకు బాగా నచ్చిన చిక్కు. పొగ తాటిచెట్టు కాదు, ఊరికే నిలబడదు. తిన్నగా చూసే కెమెరాకీ 45 డిగ్రీల కెమెరాకీ మధ్య నిమిషంన్నర తేడా ఉంటుంది, గంటకి 36 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే ఆ నిమిషంన్నరలో పొగ దానంతటదే 900 మీటర్లు పోతుంది. అంటే జరిగింది ఎత్తు వల్లా, గాలి వల్లా? ఉపగ్రహం పోయే దారి వెంటే గాలి వీస్తుంటే రెండూ కలగాపులగం అయిపోతాయి. అడ్డంగా వీచే గాలితో పేచీ లేదు, ఎందుకంటే ఎత్తు వల్ల వచ్చే జరుగుడు ఉపగ్రహం దారి వెంటే ఉంటుంది గానీ అడ్డంగా ఉండదు, కాబట్టి అడ్డంగా ఎంత జరిగిందో అది గాలి ఖాతాలోదే. మరి దారి వెంట జరిగినదాన్ని ఎలా విడదీయాలి? అక్కడే కార్చిచ్చు పొగ మనకి ఒక ఉపకారం చేస్తుంది. మంట దగ్గర మొదలై గాలి ఎటు ఉంటే అటు తోకలా సాగుతుంది కాబట్టి, గాలి దిక్కు ఫొటోలోనే గీసి ఉంటుంది. దిక్కు తెలుసు, అడ్డం వేగం తెలుసు, దాంతో మొత్తం వేగం వస్తుంది, దాన్ని తీసేస్తే మిగిలింది ఎత్తు. మిన్‌ఎక్స్ అని ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేసుకుని, మనుషులు కూర్చుని, ఒక్కో పొగ చుట్టూ చేత్తో గీత గీసి, గాలి దిక్కు బాణం గీసి, వేల పొగలకి ఎత్తు లెక్కకట్టారు. కంప్యూటర్లే అన్నీ చేసేస్తాయని అనుకునే రోజుల్లో ఈ ఓపిక చూస్తే నాకు మా అమ్మ బియ్యంలో రాళ్లు ఏరడం గుర్తొస్తుంది. ఇంతా చేస్తే ఎత్తులో పొరపాటు పావు కిలోమీటరు నుంచి అర కిలోమీటరు లోపలే.

అలా కొలిచి ఏం తేల్చారు? ఉత్తర అమెరికాలో కొన్నేళ్ల కార్చిచ్చులు తీసుకుని లెక్కేస్తే, నేలని ఆనుకుని మసిలే గాలి పొర దాటి పైకి పోయిన పొగలు నూటికి 4 నుంచి 12 మాత్రమే అని వచ్చింది. అంటే చాలా పొగలు పుట్టినచోట పైకి పోవు, మన మధ్యనే ఉంటాయి. కానీ ఆ పైకి పోయే కొద్దిపాటివే దేశాలు దాటేవి, మీ ఫొటోల్లో దుప్పటిలా పడేవి. ఈ లెక్క చదివే వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి, ఆ లెక్కలు తీసిన రోజుల్లో టెర్రా పొద్దున పదిన్నర ప్రాంతంలో దాటేది, కార్చిచ్చు ఊపందుకునేది మధ్యాహ్నం తర్వాత. ఉదయం పదింటికి హోటల్‌కి వెళ్లి చూసి, ఇక్కడ భోజనానికి జనం రారు అని రాసుకుంటే ఎలా ఉంటుందో కొంచెం అలాగే. పైగా పొగకి అంచులు, ముడతలు ఉంటేనే ఈ పద్ధతి పనిచేస్తుంది, పలచగా పరుచుకుపోయిన పొగలో ఈ చుక్క ఆ చుక్క అని జతపరచడానికి ఏమీ దొరకదు.

అందుకని రెండో పద్ధతి, లేజర్. 2006 ఏప్రిల్‌లో నాసా, ఫ్రాన్స్ కలిసి పంపిన కాలిప్సో ఉపగ్రహం సెకనుకి 20 సార్లు ఆకుపచ్చ లేజర్ వెలుగుని కిందికి కొట్టేది. వెలుగు పొగకి తగిలి కొంచెం వెనక్కి వస్తుంది, ఎంతసేపటికి వచ్చిందో చూస్తే ఎత్తు తేలిపోతుంది, బావిలో రాయి వేసి చప్పుడు వినేదాకా లెక్కపెట్టినట్టు. సెకనులో పది లక్షలో వంతు తేడా అంటే 150 మీటర్లు. దీనికి పలచని పొగ కూడా దొరుకుతుంది, రాత్రి కూడా పనిచేస్తుంది, పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో కేకు కోసి చూపించినట్టు చూపిస్తుంది. కానీ దాని చూపు నేల మీద వంద మీటర్ల వెడల్పు కూడా లేని దారం. ఆ దారం మీ ఊరి మీదుగా పోతేనే లాభం, పక్క తాలూకాలో పోతే మీ పొగ సంగతి దానికి తెలియదు. 2023 ఆగస్టులో దాని పని ముగిసింది. 2024 మేలో ఐరోపా, జపాన్ కలిసి పంపిన ఎర్త్‌కేర్‌లో మళ్లీ లేజర్ ఉంది, అదొక ఊరట.

మూడోది ఆక్సిజన్ లెక్క, ఇది నేను క్లాసులో చెప్పి ఉంటే పిల్లలు లేచి చప్పట్లు కొట్టేవాళ్లు. గాలిలో ఆక్సిజన్ ఎప్పుడూ నూటికి 21 పాళ్లు, మారదు. సూర్యకాంతిలో 760 నానోమీటర్ల దగ్గర, కంటికి ఆనీ ఆనని ముదురు ఎరుపులో, ఒక పట్టీని ఆక్సిజన్ మింగేస్తుంది. వెలుగు ఎంత ఎక్కువ గాలి దాటితే అంత ఎక్కువ సుంకం కట్టాలి అన్నమాట. పైనున్న పొగకి తగిలి వెనక్కి తిరిగిన వెలుగు రెండు టోల్‌గేట్లే దాటింది, నేల దాకా పోయి వచ్చిన వెలుగు అన్ని గేట్లూ దాటింది. జేబులో ఎంత మిగిలిందో చూస్తే ఎంత దూరం పోయి వచ్చిందో తెలిసిపోతుంది. 2017 అక్టోబరులో పోయిన ఐరోపా ఉపగ్రహం సెంటినెల్-5పి లోని ట్రోపోమీ అనే పరికరం ఇదే చేస్తుంది, రోజూ దాదాపు భూమి మొత్తాన్నీ, అదీ మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో చూస్తుంది. లోపం లేకపోలేదు, ఒక చోటికి ఒకే సగటు ఎత్తు ఇస్తుంది, కింద ఒక పొర పైన ఒక పొర ఉంటే రెంటికీ మధ్యలో లేని ఎత్తు చెబుతుంది. కింద పచ్చని చెట్లుంటే ఆ ముదురు ఎరుపు దగ్గర ఆకులు బాగా మెరుస్తాయి కాబట్టి పలచని పొగని ఉన్నదానికంటే కిందికి చూపిస్తుంది. అయినా మీ పత్రికలో వేసే వార్తకి ఆ సంఖ్య చాలు. పైన ఉందా, కింద ఉందా అని అడుగుతున్నాం గానీ మీటర్లలో అడగట్లేదు కదా.

ఎంత ఎత్తుకి పోగలదు అని మా మనవడు అడిగాడు. 2020 సెప్టెంబరు 5న ఫ్రెస్నో పక్క కొండల్లో క్రీక్ ఫైర్ అనే మంట తన మబ్బు తనే కట్టుకుని దాదాపు 15 కిలోమీటర్లు లేచింది, మనం ఎక్కే విమానాలు పదీ పదకొండు కిలోమీటర్ల ఎత్తులో పోతాయి. మంట వేడికి లేచిన గాలిలో తేమ చల్లబడి ఉరుముల మబ్బు అవుతుంది, అది వాన తక్కువా పిడుగులు ఎక్కువా కురిపించి మళ్లీ కొత్త మంటలు పెడుతుంది. ఆస్ట్రేలియాలో 2019 చివర, 2020 మొదట్లో ఇలాంటి మబ్బులు వరసపెట్టి లేచాయి. వాటి నుంచి విడిపోయిన ఒక పొగ ముద్ద, వెయ్యి కిలోమీటర్ల వెడల్పుది, సుడిలా తిరుగుతూ 13 వారాలకు పైగా చెదరకుండా 66,000 కిలోమీటర్లు ప్రయాణం చేసి, 35 కిలోమీటర్ల ఎత్తుకి ఎక్కింది. ఎక్కించింది మంట కాదు, మంట ఎప్పుడో ఆరిపోయింది. పొగలోని మసి ఎండకి వేడెక్కి, వేడెక్కిన గాలి పైకి లేచి, తనని తనే మోసుకుంటూ పోయింది. చివరికి భూమి చుట్టూ తిరిగి వచ్చిన ఆ పొగ ఎవరి ముక్కులోనూ పోలేదు, అలాంటి దానికి కూడా మనం విషం పీలుస్తున్నారు అనే రాస్తాం.

మరి ఇదంతా అమెరికా, ఆస్ట్రేలియా గోల, మనకెందుకు అంటారేమో. ఒకటి, తెలుగువాళ్ల పిల్లలు సగం అక్కడే ఉన్నారు, మీ ఫొటో చూసి టెన్షన్ పడేది ఇక్కడి తల్లిదండ్రులు. రెండోది, ప్రతి నవంబరులో మీరు వేసే దిల్లీ ఫొటో. పంజాబ్, హర్యానా వరి దుబ్బుల పొగ గంగా మైదానం మీద పరుచుకున్నది. అక్కడ చలికాలం మూత కిందికి దిగి ఉంటుంది కాబట్టి పొగ కిందే ఉంటుంది, ఫొటో చెప్పేదీ ముక్కు చెప్పేదీ కలుస్తాయి. నేను శాటిలైట్ ఫొటో ఎప్పుడూ గోరంతలు కొండంతలు చేస్తుందని అనట్లేదు, ఒక్కోసారి తక్కువ చేసి కూడా చూపిస్తుంది. నల్లమలలో మాఘం నుంచి వైశాఖం దాకా అంటుకునే మంటలు చూడండి, చాలావరకు కింద రాలిన ఎండుటాకుల మంటలు, చెట్ల కొనలకి ఎక్కేవి తక్కువ. వేడి తక్కువ, పొగ లోయల్లోనే పాకుతుంది. పైనుంచి చూస్తే అక్కడేదో పలచని మరక, దాన్నెవరూ మొదటి పేజీలో వేయరు, కానీ ఆ లోయలో ఉన్న చెంచుల పెంటల్లో, అంటే గూడేల్లో, ముసలివాళ్లు దగ్గుతూనే ఉంటారు. మంట ఎక్కడ అంటుకుందో ఉపగ్రహం చూసి అటవీ శాఖ వాళ్ల ఫోన్లకి మెసేజ్ పంపే ఏర్పాటు మన దేశంలో ఎప్పటినుంచో ఉంది, షాద్‌నగర్‌లో ఇస్రో వాళ్ల రిమోట్ సెన్సింగ్ కేంద్రం, ఎన్ఆర్ఎస్‌సీ, స్టేషన్ టెర్రా డేటాని నేరుగా అందుకుంటూ వచ్చింది కూడా. పొగ ఎత్తు గురించి మాట్లాడగలిగినవాళ్లు మీ హైదరాబాద్ ఆఫీసుకి గంటన్నర దూరంలోనే ఉన్నారు, ఒక ఫోన్ కొట్టండి.

ఇంకో చిన్న మాట, ఎలాగూ మొదలుపెట్టాను కాబట్టి. మ్యాపుల మీద ఎర్ర చుక్కలు వేసి అంత మేరా తగలబడుతోంది అన్నట్టు చూపిస్తారు. ఆ చుక్క, ఉపగ్రహం చూసిన 375 మీటర్ల గడిలో ఎక్కడో ఒకచోట వేడి కనిపించింది అని గుర్తు మాత్రమే. మీరు మ్యాపుని చిన్నది చేసి వేసినప్పుడు ఆ చుక్క జిల్లా అంత అవుతుంది.

నేను అడిగేది పెద్ద పని కాదు. పొగ ఫొటో వేసినప్పుడు పక్కన రెండు ముక్కలు వేయండి: ఆ పొగ ఎక్కువగా ఏ ఎత్తులో ఉందని కొలిచారు, ఆ ఊళ్లో ఆ రోజు నేల మీది మీటరు ఎంత చూపించింది. మొదటిది దొరక్కపోతే రెండోదైనా వేయండి. అమెరికా ఊళ్లకైతే ఎయిర్‌నౌ అని అక్కడి ప్రభుత్వం సైటులో గంట గంటకీ ఉంటుంది, 2020 నుంచి మంటలూ పొగా కలిపి చూపించే మ్యాపు కూడా పెట్టారు, ఇళ్ల గోడలకి తగిలించుకునే చిన్న మీటర్ల లెక్కలు కూడా అందులో ఉంటాయి. మా వదిన గారికి అది ఫోన్లో ఎలా చూడాలో నేర్పించాను. ఇప్పుడు ఆవిడ రోజూ రాత్రి చికాగో సూచీ చూసి, 40 ఉంది, 55 ఉంది అని నాకు ఫోన్ చేస్తోంది. నిన్న 62 ఉందని కంగారుపడింది, ఆ నంబరుకి ఫరవాలేదు వదినా అని చెప్పి, గుంటూరు ఎంతుందో చూడమన్నాను. చూసి, ఇంకేం మాట్లాడకుండా ఫోన్ పెట్టేసింది.

మా వీధి చివర బట్టీ పొగ ఇవాళ పొద్దున కొబ్బరిచెట్ల మొవ్వులు కూడా దాటలేదు. కిటికీ వేసుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్,
తెనాలి